నీలమ్మ బండికి ఎత్తు హ్యాండిల్

నీలా,

నీ బండి హ్యాండిల్ కింద ఇనుప దిమ్మెలు వేయించి ఎత్తు పెంచాను. ఇక నడుము వంచి కూర్చోనక్కర్లేదు. క్లచ్ వైరు కూడా పొడవుది వేయించాను. ముందు మన గల్లీలో నడిపి, హ్యాండిల్ రెండు పక్కలా తిప్పి చూడు. వైరు బిగుసుకుంటే డ్యూటీకి బస్సులోనే వెళ్లు.

మొన్న వానలో మొగుడంపల్లి వెళ్లి కాన్పు చేశావే, ఆ బాలమణి వాళ్ల నాయన మెకానిక్ షాపులో కలిశాడు. "నర్సమ్మ బండి, జర మంచిగ బిగించు. ఆమె రాకుంటే నా బిడ్డ దక్కకపోతుండె" అని, పని అయ్యేదాకా బండి పట్టుకుని నిలబడ్డాడు.

నడుము నొప్పి సంగతి నాకైనా చెప్పొచ్చు కదా. లారీ వచ్చింది, లోడు తీసుకుని బొంబాయి వెళ్తున్నాను.

చెన్నబసప్ప

అన్నట్టు, షాపులో బాలమణి వాళ్ల నాయన అందరికీ నన్ను "ఈయన నర్సమ్మ పెనిమిటి" అని చూపించాడు. తర్వాత ఎవరో నా పేరడిగితే నేనూ అదే చెప్పాను.