జాజితీగ కప్పిన బెంచీ

అక్కా, నా నడుం నొప్పి తగ్గింది, బెంగ పెట్టుకోకు. ఇప్పుడు మంటంతా కడుపులోనే.

మా వీధి పార్కులో ఆదివారాలు వాలంటీర్లతో కలిసి కలుపు తీస్తున్నానని చెప్పాగా. మా పై వాటాలోని బట్టల షాపు ఆవిడ ఏనాడూ గడ్డిపరక పీకిన పాపాన పోలేదు. కిందటేడు ఒక సిమెంటు బెంచీ విరాళమిచ్చి, వీపు ఆనించే చోట ఇంతింత లావు అక్షరాలతో తన పేరు రాయించుకుంది. అందరూ ఒకటే చప్పట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పేరు కనబడకుండా పోవాలని, నువ్విచ్చిన జాజికొమ్మ దాని వెనకే నాటి, బకెట్లతో నీళ్ళు మోశాను. అనుకున్నట్టే తీగ పేరును మూసేసింది. కానీ విరగబూసింది! ఇప్పుడు పార్కుకొచ్చిన వాళ్ళంతా ఆ బెంచీకే ఎగబడుతున్నారు. నిన్న కమిటీ ప్రెసిడెంటుగారు నా ఎదుటే ఆవిడతో, "మీ బెంచీ వల్ల పార్కుకే కళొచ్చిందండీ" అన్నారు. ఆవిడ సిగ్గుపడుతూ, "ఏదో, నా చేతి చలవండీ" అంది. నీళ్ళ బకెట్టు నా చేతిలోనే ఉంది, ఎలా తమాయించుకున్నానో నాకే తెలీదు.

అమ్మ పన్ను పీకించారా? నా గొడుగు అక్కడే మరిచిపోయాను, ఆరబెట్టి దాచు. తీగ కొట్టేద్దామంటే చేతులు రావడం లేదు. అందుకని, బోర్డులు రాసే బావగారి చేత ఒక చిన్న రేకు మీద "ఈ తీగ నాటినది" అని నా పేరు రాయించి పంపు. తీగకు అందనంత ఎత్తున కట్టుకుంటాను. అక్షరాలు మాత్రం ఆవిడ వాటికంటే లావుగా ఉండాలి.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. రేకు చాలకపోతే పెద్దదే తీసుకోమను.

నీ చెల్లి