రిమోట్ అమ్మ చేతిలో

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. ఉదయం నీ ఫోటోకి దండ వేసి, మధ్యాహ్నం మన దీవిలో, హోప్ టౌన్ ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. నా కొత్త తమిళ సినిమా వేశారు.

చెన్నైలో పదకొండేళ్లు సీరియళ్లలో నటించాను. ఒక్కదాంట్లోనూ నా గొంతు లేదు. జెట్టీ మీద నిలబడి, నువ్వు నడిపే బోటు ఇంజను చప్పుడులో నీకు వినబడేలా అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు హీరోయిన్‌కి పనికిరాదన్నారు. వేరే ఆవిడ చేత డబ్బింగ్ చెప్పించేవారు. నీకది నచ్చేది కాదు. నేను తెర మీద నోరు తెరవగానే సౌండ్ ఆపేసేవాడివి. కథ అర్థం కావట్లేదని పక్కింటి దీదీ గొడవపడితే, "మొహం చూడండి దీదీ, చాలు. ఆ గొంతు నా పిల్లది కాదు" అనేవాడివి.

ఈ సినిమాలో నాది చేపలమ్మే మనిషి వేషం. దర్శకుడు డబ్బింగ్‌కి ఇంకెవరినీ పిలవలేదు. నాలుగు రోజులు స్టూడియోలో నిలబడి నేనే చెప్పుకున్నాను.

నేను కనబడగానే అమ్మ నీలాగే అలవాటుగా సౌండ్ ఆపేసింది. నేను ముందే విషయం చెవిలో వేసి ఉంచిన దీదీ, "అరే బెహన్, ఈసారి ఆవాజ్ దానిదే. పెట్టు" అంది.

అమ్మ పెట్టింది. బేరమాడుతున్న నా బొంగురు గొంతు ఇల్లంతా నిండింది. కాసేపు విని, "ఏటే, అచ్చం మీ నాన్నలాగే అరుస్తన్నావు" అంది. తర్వాత నీ ఫోటో వైపు చూసి, సౌండ్ చివరిదాకా పెంచింది.

జెట్టీ దాకా వినబడే ఉంటుంది.