భారతి నడిపిన బండి

అమలాపురం

పెద్దక్కకు,

తమ్ముడు రఘు నమస్కరించి రాస్తున్నాను. నేను బాగున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ క్షేమమేనని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా?

భారతి చివరి రోజు ఏం జరిగిందని నువ్వు ఎన్నోసార్లు అడిగావు. ఫోనులో చెప్పలేకపోయాను. నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకని రాస్తున్నాను.

అది ఆదివారం. పొద్దున భారతి దోసెలు పోసింది. ఎప్పటిలాగే తిన్నది. తర్వాత ఇద్దరం స్కూటర్ల షోరూముకు వెళ్లాం. తనకు బండారులంక బడిలో ఉద్యోగం వచ్చింది కదా, బస్సులు వేళకు దొరకడం లేదు. షోరూములో ప్రసాద్ అనే సేల్స్‌మన్ బూడిదరంగు ట్రయల్ బండి బయటికి తీశాడు. భారతి సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి, హ్యాండిల్ కింద, ఎవరికీ కనపడని చోట చిన్న బొట్టు పెట్టింది. ప్రసాద్ నవ్వాడు.

"ఇది ట్రయల్ బండండి మేడంగారూ. మీది ఇంకా గొడౌన్‌లోనే ఉందండి."

"ముందు ఎక్కేది దీన్నే కదా" అంది భారతి.

కాలవగట్టు దారిన ఒక్కతే వెళ్లింది. ఎంతకీ రాలేదు. ప్రసాద్ తన బైకు మీద వెతకడానికి వెళ్లాడు. కొంతసేపటికి ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎందుకింత ఆలస్యమని అడిగితే, "గాలి బాగుంది, కొంచెం దూరం పోయొచ్చినా" అంది. ఇంటికొచ్చి వంట చేసింది. మధ్యాహ్నం పడుకుంది. సాయంత్రం వీపంతా లాగుతోందంది. నేను ఆటో తెచ్చాను. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుంది. ఆస్పత్రిలో చూసి, గుండె ఆగిపోయింది, ఇక లేదన్నారు.

నేను చూసింది అంతే అక్కా. దాచిందేమీ లేదు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. కాలవలు నిండుగా పారుతున్నాయి. మన కదిరిలో వాన కోసం ఆకాశం చూస్తాం, ఇక్కడ ఎండ కోసం చూస్తున్నాను. బట్టలు ఆరడం లేదు. ల్యాబులో పని ఎక్కువైంది. వానలకు రొయ్యల చెరువుల్లో నీరు మారిపోతుంది, రైతులు సీసాలతో వచ్చి నిలబడతారు. వేళకు తింటున్నాను. పక్కింటి సత్యవతిగారు పులుసో కూరో పంపుతూనే ఉన్నారు, పంచదార తగిలినట్టుంటుంది, అలవాటైంది. దిగులు పడొద్దు. సాయంత్రాలు మాత్రం ఇంటి ముందు ఏ స్కూటరు వేగం తగ్గించినా లేచి నిలబడుతున్నాను. అది వెళ్లిపోయాక కూర్చుంటున్నాను.

ఒక విషయం చెప్పాలి. మా ల్యాబు మలికిపురానికి మారింది. బండి లేనిదే కుదరదు. పోయిన వారం అదే షోరూముకు వెళ్లాను. ఊళ్లో వేరేవి ఉన్నాయి, అయినా అక్కడికే వెళ్లాను. మేనేజరు కొత్తాయన, నా పనేంటో అడిగి తెలుసుకున్నాడు. ప్లాస్టిక్ కవరు కప్పిన బూడిదరంగు స్కూటరు చూపించాడు.

"ఈ రంగులో ఇదొక్కటే ఉందండి. నిన్ననే దిగిందండి, ఆయ్."

కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి. దీనికి లేవు. కాళ్లు పెట్టేచోట రబ్బరు నునుపెక్కింది. వంగి హ్యాండిల్ కింద చూశాను. ఎర్రగా మరక ఉంది. బొటనవేలితో రుద్దాను. వేలికి ఏమీ అంటలేదు.

"ఇది ట్రయల్ బండి. ఆ ధర చెప్పండి. బిల్లు మీద ఆ మాట రాయండి" అన్నాను.

మేనేజరు నవ్వాడు. "రొయ్యల నీళ్లు పరీక్ష చేసే సార్ కదండీ, బండిని కూడా గాజుగ్లాసులో ముంచి చూసేలా ఉన్నారు. మీటరు చూడండి. నాలుగు కిలోమీటర్లు. అదీ గొడౌన్ నుంచి ఇక్కడికి. సరే, తమరు పెద్దవారు, హెల్మెటూ సీటు కవరూ ఊరికే ఇచ్చేస్తాను."

"మీటరు మార్చారు."

"అలాగంటారేంటండి? ఒరే ప్రసాదూ, నువ్వు చెప్పు సార్‌కి. ఇది కొత్తదా, కాదా?"

ప్రసాద్ నా వైపు చూడలేదు. "కొత్తదేనండి" అన్నాడు.

పూర్తి ధర కట్టడానికి నా దగ్గర డబ్బుంది. కడితే, ఈ బండిని నాకు ముందు ఎవరూ నడపలేదని నేను ఒప్పుకున్నట్టు. ఆ మీటరు లెక్కలో భారతి వెళ్లొచ్చిన దారి లేదు. బయటికి వచ్చేశాను.

బస్టాపులో నిలబడి ఉంటే ప్రసాద్ వానలో వెతుక్కుంటూ వచ్చాడు. నా కంటే నాలుగైదేళ్లు చిన్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"సార్, ఆ బండి తీసుకోకండి."

"ఎందుకు?"

"అది మేడంగారు నడిపిందేనండి."

"నాకు తెలుసు. మీ నోటితో అనాలని అడిగాను."

అప్పుడు ప్రసాద్ చెప్పాడు. "ఆవేళ నేను వెతకడానికి వెళ్లేను కదండీ. వంతెన దాటేక మేడంగారు బండి ఆపేసి గట్టు మీద కూర్చున్నారండి. ముఖమంతా చెమటలండి. బొండం కొట్టించి ఇచ్చేను. కాసేపటికి తేరుకున్నారు. సార్‌కి చెప్పకండి, చెబితే బండి కొననివ్వరు అన్నారండి. నేనూ చెప్పలేదు. చెబితే బేరం పోతుందనుకున్నానండి." గొంతు తగ్గించాడు. "చెప్పుంటే బతికేవారేమో కదండీ సార్?"

"చెప్పినా లాభం ఉండేది కాదని డాక్టరు అన్నాడు. మనసులో పెట్టుకోవద్దు" అన్నాను.

"నిజంగానే అన్నారాండి?"

"అన్నాడు."

ప్రసాద్ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. తడి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను.

డాక్టరు అలా అనలేదు అక్కా. నేను అడగలేదు. ఇక అడగను కూడా.

మర్నాడు మేనేజరు ఫోన్ చేశాడు. ప్రసాదే వెళ్లి, అది ట్రయల్ బండని సార్‌కి చెప్పేశానని చెప్పాడట.

"తమరే గెలిచేరండి. ట్రయల్ బండి అని రాసే ఇస్తాం. ధరలో ఐదో వంతు తీసేస్తాం. సరేనాండి?"

వారంటీ నేను కొన్న రోజు నుంచి లెక్కించాలన్నాను. కాస్త గొణిగి దానికీ ఒప్పుకున్నాడు. న్యాయమైన బేరమే. ప్రసాద్ ఉద్యోగం సంగతి అడిగాను.

"వాడెక్కడికెళ్తాడండీ? వాడు లేకపోతే ఇక్కడ ఒక్క బండి కదల్దు" అన్నాడు.

ఆ బండి ఎందుకురా, వేరేది కొనుక్కో అంటావని తెలుసు. ఇంట్లో తన వస్తువులన్నీ పెట్టినచోటే ఉన్నాయి. చీరలు పంపమన్నావు, బీరువా ఇంకా తెరవలేదు, కోపగించుకోకు. ఇదొక్కటి కదిలే వస్తువు. తను పట్టుకున్నచోట పట్టుకుని రోజూ పనికి వెళ్లొస్తాను. భయపడొద్దు, నెమ్మదిగానే నడుపుతాను, హెల్మెట్ పెట్టుకుంటాను.

వీలైతే చెనక్కాయల పొడి, కాస్త రాగిపిండి పంపు. ఇక్కడ రాగిపిండి దొరుకుతుంది కానీ మన రుచి రాదు. చిన్నోడి పరీక్షలు ఎలా అయ్యాయో రాయమను.

బావకూ పెద్దమ్మకూ నా నమస్కారాలు. పిల్లలకు ఆశీస్సులు. నన్ను దీవించు.

రేపు పొద్దున షోరూముకు వెళ్లి డబ్బు కట్టి బండి తీసుకుంటాను. ప్రసాద్‌ని వెనక కూర్చోబెట్టుకుని, వంతెన దాటేదాకా నేనే నడుపుతాను. భారతి ఎక్కడ కూర్చుందో చూపించమని అడుగుతాను.

నీ తమ్ముడు
రఘు