పాలిష్ ఒక్కటే ఉన్నది

సువార్తక్కా,

ఫోన్‌లో చెబితే ఏసన్న వింటాడని కాగితం మీద రాస్తున్నాను. నిన్న క్యాన్సర్ డాక్టర్ "ఇక పాలియేటివ్ కేర్ మాత్రమే, ఆర్మూర్ ఆసుపత్రికి తీసుకుపోండి" అన్నాడు. అన్నకు అది పాలిష్ అని వినిపించింది. ఇన్నేళ్లూ పసుపు కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టిన మనిషి కదా. "కీమో అంటే ఉడకవెట్టుడు, రేడియేషన్ కరెంటు అంటే ఎండవెట్టుడు. రెండూ అయినయ్. ఇగ పాలిష్ ఒక్కటే ఉన్నదంట, గదైతే మార్కెట్‌కు పోవుడే" అని బస్సులో పక్క సీటాయనకు చెప్పి మురిసిపోయాడు.

బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని, నాకే ఆ మాట సరిగ్గా తెలియదు. ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. రోగం నయం కాదని తెలిశాక, బాధ మాత్రం తగ్గించడమట. లాటిన్‌లో పాలియం అంటే ఒంటి మీద కప్పుకునే బట్ట, ఈ మాట అందులోంచి వచ్చిందట. ఇంత తెలుసుకుని ఏం లాభం? అన్నకు నేను చెప్పలేను. నువ్వన్నా వచ్చి చెప్పక్కా.

ఇందాక చలిగా ఉందన్నాడు. నా శాలువా కప్పుతుంటే, "పాలిష్ ఎప్పుడు షురూ చేస్తరో జర అడుగరాదు చెల్లె" అన్నాడు.

"షురూ అయింది అన్నా" అన్నాను.

నీ చెల్లె