మీరు ఎత్తి చూపించిన చెయ్యి

జూన్ 12, గురువారం

వదినగారికి,

నమస్కారం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్కడ మీరూ బాగుండాలని రాయమన్నారు మీ తమ్ముడు, రాశాను. ఇక నుంచి నా మాటలు.

పోయిన నెల మా ఇంటికి ఒక డాక్టరమ్మ వచ్చినప్పుడు మీరూ ఉన్నారు. సంతానం కోసం వైద్యం చేయించుకున్నవాళ్ల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువా అన్నదాని మీద ఆవిడ పరిశోధన. మా పిల్లలిద్దరినీ, పాపనీ బాబునీ, నిలబెట్టి ఎత్తు కొలిచింది, గుండె చప్పుడు విన్నది. బాబు ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు కదా, ఆ చెయ్యి పట్టుకుని కాసేపు చూసింది. మీరు సోఫాలోంచి మెడ సాచి చూశారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

మొన్న ఆదివారం మీ ఇంట్లో భోజనాల దగ్గర మీ అమ్మాయి, పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల్లేరు, ఆ వైద్యం మొదలుపెడదామనుకుంటున్నాం అంది. మీరు గరిటె పక్కన పెట్టి, అందరి ముందూ మా వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తారు.

"సూదులు పొడిపించుకుని కంటే ఇలాగే పుడతారు. ఇది చూసి కూడా ఆ ఆసుపత్రి గడప తొక్కుతావా?" అన్నారు.

మీ అమ్మాయి ముఖం పాలిపోయింది. మా వాడు ఆ చెయ్యి వెనక్కి లాక్కుని బల్ల కింద పెట్టుకున్నాడు. ఏడేళ్లవాడు. ఆ చేత్తోనే బూటు లేసులు కట్టుకుంటాడు, పెన్సిల్ నాకంటే నున్నగా చెక్కుతాడు. ఆ పూట మాత్రం మనం లేచేదాకా దాన్ని బయటికి తియ్యలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో, "అమ్మా, నేను సూదిలోంచి పుట్టానా?" అని అడిగాడు.

మర్నాడే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆ వైద్యంతో పుట్టినవాళ్లలో లోపాలు కాస్త ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజమేనంది. చాలామంది మాత్రం ఏ ఇబ్బందీ లేకుండానే పుడుతున్నారట. ఆ కాస్త తేడా కూడా వైద్యం వల్లా, లేక అసలు ఆ దంపతులకి పిల్లలు కలగకుండా అడ్డుపడిన కారణం వల్లా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదట. తేల్చడానికే ఇల్లిల్లూ తిరుగుతున్నానంది. ఏళ్ల తరబడి చదివి ఆవిడ తేల్చలేనిది, మా కాఫీ తాగేలోపు మీరు తేల్చేశారు.

నిన్న మీ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆసుపత్రికి వెళ్లడం మానుకుందట. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. వెళ్లి అడిగి తెలుసుకుని, ఆ తర్వాత వద్దనుకున్నా పర్వాలేదు, మీ అమ్మ మాట విని మాత్రం మానుకోకు అన్నాను. సోమవారం నేనే వెంట వెళుతున్నాను. మీరు రానక్కర్లేదు.

ఇంకోసారి మా వాడి చెయ్యి ఎవరికైనా చూపించారంటే, మీ గుమ్మం మళ్లీ ఎక్కను. మీ తమ్ముడి సంగతి ఆయన ఇష్టం.

ఇట్లు,
మీ మరదలు

తా.క. మేం ఆ వైద్యం చేయించుకున్నది నిజమే. మీకు తెలియనివ్వద్దని మీ తమ్ముడు నా చేత ఒట్టు వేయించుకున్నారు. అలా పుట్టింది బాబు కాదు, పాప. "అచ్చం మా అమ్మ పోలిక, వేలెత్తి చూపడానికి ఒక్క వంక లేదు" అని మీరు ఒళ్లో కూర్చోబెట్టుకునే పాప. బాబు ఏ వైద్యమూ లేకుండా తనంతట తనే కడుపున పడ్డాడు. ఒకే తల్లి కన్న ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి పోల్చడానికే డాక్టరమ్మ వచ్చింది. మా ఇద్దరు పిల్లల్ని బట్టి ఏదీ రుజువు కాదని కూడా చెప్పింది. రాత్రి పాపకి అంతా చెప్పాను. ఇప్పుడు కూడా అత్తయ్యకి నేను నచ్చుతానా అని అడిగింది. దానికి జవాబు మీరే రాయండి.