పెరిగే కాళ్ళకు కొన్న స్కేట్లు

మార్చి 14, శనివారం

మళ్ళీ పడ్డాను. కుడివైపు వంపులోనే. ఎడమవైపు తిరిగేటప్పుడు ఒక కాలి మీదుగా రెండో కాలు వేస్తూ హాయిగా దూసుకుపోతాను. క్రాస్‌ఓవర్ అంటే ఇంతేనా అనిపిస్తుంది. కుడివైపు వచ్చేసరికి చీలమండ లోపలికి వాలిపోతుంది, నేను ఐస్ మీద కూర్చుంటాను. కోచ్ కెల్లీ లేవమని చేత్తో సైగ చేసి ఇంకొకరి వైపు తిరిగింది. తిడితేనే నయం.

ఐస్ హాకీ టీమ్‌లోకి ఎంపిక చేసే ట్రయౌట్ ఏప్రిల్ 11న. పోయినేడాది టీమ్ లిస్టులో నా పేరు లేదు. కార్‌లో ఏడుస్తుంటే నాన్న పాటల సౌండ్ పెంచాడు, నా ఏడుపు నాకే వినపడకుండా. ఈసారి టీమ్‌లో ఉండి తీరాలి. అంతే.

మార్చి 15

ఒళ్ళంతా నొప్పులు. అయినా సంతోషంగానే ఉంది. పిచ్చి కాబోలు.

మార్చి 17, మంగళవారం

అమ్మమ్మ మొదటిసారి మా ఐస్ రింక్‌కి వచ్చింది. రాజమండ్రి నుంచి అమెరికాలో దిగిన దగ్గర్నుంచి మా నోవై ఊరి చలికి భయపడి గడప దాటలేదు. ఇవాళ మంకీ క్యాప్, దాని మీద శాలువా, చేతిలో ఫ్లాస్కు. రింక్ చుట్టూ ఉండే అద్దం అవతల కూర్చుని, నేను పడ్డప్పుడల్లా లేచి నిలబడింది. పక్కన కూర్చున్న వాళ్ళకి కూడా పాపం భయం పట్టుకుంది.

వీడియో తియ్యమని ఫోన్ ఇస్తే సగం తన బొటనవేలే తీసింది. మిగిలిన సగం చూశాను... కాలు ఒక దారి, స్కేట్ ఒక దారి. ఇదేంటి?

"మోకాళ్ళు వంచవే శ్రావ్యా" అంది కార్‌లో అమ్మమ్మ. కోచ్ అదే అంటుంది, నాన్న అదే అంటాడు. వంచుతున్నాను మహాప్రభో!

మార్చి 19

స్కూల్‌కి ముందు నాన్నతో రింక్. నాన్న బెంచీ మీద కూర్చుని ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. నేను పడ్డాను. "సారీ, గో ఎహెడ్" అంటూనే నాకు బొటనవేలు పైకెత్తి చూపించాడు. పడ్డందుకా?

మార్చి 20

తమ్ముడు ఈ పుస్తకం తీసి తిప్పి చూశాడు. "అక్కా, దిస్ ఈజ్ ఆల్ రౌండ్ రౌండ్" అని పెట్టేసి పోయాడు. వాడికి తెలుగు చదవడం రాదు. ఇక్కడ ఏమైనా రాసుకోవచ్చు. తమ్ముడు కోతి.

మార్చి 21, శనివారం

తెలిసిపోయింది! తెలిసిపోయింది!

ప్రాక్టీస్ అయ్యాక కోచ్ కెల్లీ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి లేసులు వదులు చేసింది. కాలు ముందుకు జరపమంది. మడమ వెనక ఒక వేలు పెట్టింది. రెండో వేలు కూడా పట్టింది. స్కేట్ లాగేస్తే లోపల ఊలు సాక్సులు, వాటి కింద మళ్ళీ సాక్సులు, ముందు భాగంలో దూది. కోచ్ నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "యువర్ ఫుట్ ఈజ్ స్విమ్మింగ్ ఇన్ దేర్, హనీ."

స్కేట్ మామూలు బూటు కన్నా చిన్న సైజు ఉండాలట. నాది పెద్దది. వంపులో కాలు లోపలే జారుతుంటే బ్లేడ్ నా మాట ఎలా వింటుంది? ఇన్నాళ్ళూ నా కాళ్ళని తిట్టుకున్నాను. పాపం నా కాళ్ళు!

ఇంటికొచ్చి అరిచాను. అమ్మ పోపు వేస్తూనే, "పెరిగే పిల్లవి కదా, వచ్చే ఏడాదికి కూడా ఉంటాయనుకున్నా."

"నాకు సరిపోయేది ఎప్పుడైనా కొన్నావా?" స్కూల్ యూనిఫాం అంచులు మడిచి కుట్టింది. కోటు చేతులు ఇప్పటికీ మడుస్తున్నాను. సైకిల్ ఎక్కడానికి నాకు మెట్టు కావాల్సి వచ్చేది.

అమ్మ అమ్మమ్మ వైపు తిరిగింది. "నా జాకెట్లకి లోపల ఇంతింత గుడ్డ వదిలించింది ఎవరమ్మా?"

"పెరిగావుగా మరి" అంది అమ్మమ్మ, అమ్మని కిందికీ పైకీ చూసి.

నవ్వకూడదనుకున్నాను. నవ్వేశాను. కానీ కోపం పోలేదు.

మార్చి 22

కొత్త స్కేట్లు!! నల్లగా, గట్టిగా, నావి. షాపులో వాటిని ఓవెన్‌లో పెట్టి వేడి చేసి, వేడివేడిగా కాలికి తొడిగారు, కాలి ఆకారానికి అతుక్కుంటాయని. అమ్మమ్మ షాపు అబ్బాయిని ఆపబోయింది. "చెప్పులు పొయ్యిలో పెట్టడమేంటండీ! అందులోనే వండుతారా?" నాన్న ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేదు.

అమ్మ నా వేళ్ళ దగ్గర నొక్కి చూసి, "ఇక్కడ ఖాళీయే లేదు" అంది. "ఉండకూడదమ్మా." ఇంకోసారి నొక్కింది. అలవాటు.

మార్చి 24

కొత్తవి కాలికి అలవాటు పడాలంటే ఇంట్లో కూడా వేసుకుని తిరగమంది కోచ్. బ్లేడ్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని హాల్లోకి వచ్చానో లేదో, అమ్మ "చెప్పులతో ఇంట్లోకా!" అని కేక. పెద్ద గొడవ. గ్యారేజీలో వేసుకోమంది. అక్కడ గడ్డకట్టే చలి.

చివరికి అమ్మమ్మ తీర్పు చెప్పింది. "అవి మట్టి తొక్కాయా, రోడ్డు తొక్కాయా? ఐసు తప్ప ఏమీ తాకని వాటికి దోషం ఏంటే?"

అమ్మ దారిలోంచి పక్కకి తప్పుకుంది. దేవుడి గది వైపు మాత్రం వెళ్ళొద్దంది. స్కేట్లతో పప్పన్నం తిన్నాను. బ్రహ్మాండంగా ఉంది.

మార్చి 28

బొబ్బలు. పాత స్కేట్లతో పడేదాన్ని, కొత్తవాటితో నడవలేకపోతున్నాను. ఈ కాస్త టైంలో అవుతుందా? అమ్మ దగ్గరుండి కొబ్బరినూనె రాసింది. "బాగా నొప్పిగా ఉందా" అంది. లేదన్నాను. అబద్ధం.

ఏప్రిల్ 2, గురువారం

వచ్చింది.

కుడివైపు. కుడివైపు!! బ్లేడ్ బయటి అంచు మీద వాలాను, చీలమండ నిలబడింది, ఎడమకాలు దాటించాను, కింది కాలు బలంగా తన్నింది... వంపు అయిపోయింది, నేను ఇంకా నిలబడే ఉన్నాను. మళ్ళీ తిరిగాను. మళ్ళీ వచ్చింది. బ్లేడ్ కోసుకుపోయే చప్పుడు, కొత్త చాకుతో దోసకాయ తరిగినట్టు. కోచ్ హాకీ కర్రతో అద్దాన్ని దబదబా బాదింది. అద్దం అవతల అమ్మమ్మ ఇంకా నేను పడతాననే నిలబడి ఉంది.

ఏప్రిల్ 7

కుడివైపు ఇప్పుడు ఎడమకన్నా బాగుంది. ఎడమకి కోపం వస్తుందేమో.

ఏప్రిల్ 10

నిద్ర పట్టదు. పట్టకపోతే పట్టకపోనీ.

ఏప్రిల్ 11, శనివారం

అయిపోయింది.

బయల్దేరుతుంటే తమ్ముడు తుమ్మాడు. అందరం మళ్ళీ కూర్చుని మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. నాన్న తాళాలు ఆడిస్తూ వాచీ చూసుకున్నాడు.

కుడివైపు వంపులు అన్నీ వచ్చాయి. ఒక్కటి కూడా పోలేదు. ఇద్దరిని దాటేశాను! గాలిలో ఉన్నట్టుంది. ఆ తర్వాతే... పక్ అనే రబ్బరు బిళ్ళ కోసం పోటీలో నా స్కేట్ ఒకమ్మాయి కాలికి తగిలింది. నా చెయ్యి దానంతట అదే వెళ్ళి ఆ అమ్మాయి మోకాలిని తాకి, కళ్ళకద్దుకోవడానికి లేచింది. గ్లవ్ వచ్చి నా హెల్మెట్ ఊచలకి టప్‌మని కొట్టుకుంది. ఈలోగా పక్ ఎవరో పట్టుకుపోయారు. మార్కులు వేసేవాళ్ళు చూశారు. ఒకాయన ఏదో రాసుకున్నాడు.

కార్‌లో చెప్తే అమ్మమ్మ, "మంచిపని చేశావు, కాలు తగిలింది కదా" అంది. నాన్న సౌండ్ పెంచలేదు. ఇది మంచిదా చెడ్డదా?

ఏప్రిల్ 12, ఆదివారం

రిజల్ట్ సాయంత్రం లోపు మెయిల్‌లో పంపిస్తారట. నాన్న ఫోన్ ఛార్జింగ్‌లోంచి తియ్యడం లేదు, బ్యాటరీ అయిపోతుందని.

టీమ్‌లోకి వస్తే అవసరమవుతుందని, ట్రయౌట్‌కి వచ్చిన అందరినీ జెర్సీ సైజు పెట్టమన్నారు. అమ్మ లాప్‌టాప్ ముందు పెట్టుకుని పిలిచింది. పోయినేడాది నన్ను అడగకుండానే లార్జ్ అని పెట్టింది, నాకు గుర్తుంది. ఇవాళ అమ్మే అమ్మమ్మ దగ్గర్నుంచి కుట్టుపని టేపు తెచ్చింది. భుజం ప్యాడ్లు వేసుకుని రమ్మంది. వాటి మీదుగా కొలిచింది, మళ్ళీ కొలిచింది.

"మీడియం" అంది.

"మరి వచ్చే ఏడాదికో?" అన్నాను.

"వచ్చే ఏడాదికి వచ్చే ఏడాది కొందాం. ఇది ఈ ఏడాదికి."

అమ్మ బటన్ నొక్కేసింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో. ప్యాడ్లు విప్పలేదు. వాటితోనే కూర్చుని రాస్తున్నాను.

మెయిల్ ఇంకా రాలేదు.