మెత్తబడ్డ జ్వరం

ఆగస్టు 19, 2025

పిట్టా, నా బిడ్డా, నీ రోగం మళ్లీ మన ఇంటికి వచ్చింది. ఈసారి గోడకు ఆ పక్క పోర్షన్‌లోకి. నా యారాలు పద్మలత, అదే మీ చిన్నమ్మ, ఆమె బిడ్డ స్వప్నకు. ఐదో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది, వచ్చీ రాగానే జ్వరం. టెస్ట్ చేస్తే స్వైన్ ఫ్లూ అన్నారట. పదేళ్ల కింద నిన్ను తీసుకుపోయిందే.

పద్మలత వాకిట్లో నిలబడి ఫోన్‌లో ఎవరికో చెబుతోంది. ఫికర్ ఏం లేదు వదినా, ఇప్పుడది మామూలు ఫ్లూ అయిపోయిందంట, మెత్తబడ్డదంట, గోలీలు మింగితే పోతదంట అని. నవ్వుకుంటూ చెప్పింది.

మెత్తబడ్డదట. నీ మీద పండ్లు అరగదీసుకుని, వాళ్ల బిడ్డ దగ్గరికి బోసినోటితో వచ్చింది.

ఆగస్టు 20

కుళ్లుగా ఉంది. దీనికి వేరే మాట నాకు తెలియదు.

ఆగస్టు 21

నువ్వూ స్వప్నా ఒకే ఏడు పుట్టారు. ఒకే ఉయ్యాలలో ఊగారు. నువ్వు ఏడో తరగతిలో ఆగిపోయావు. ఆమె పదో తరగతి పాసైంది, డిగ్రీ చేసింది, ఇక్కడే మడికొండ కంపెనీలో జాబ్ చేసింది, పెళ్లి చేసుకుంది. పెళ్లిలో నేను వడ్డిస్తూ ఆమె ముఖం చూడకుండా బూందీ గంటె చూశాను. పద్మలతకు తెలుసు. అందుకే ఆ రోజు బిడ్డ అరికాలికి పెద్ద నల్లచుక్క పెట్టింది. ఎవరి కండ్లకు భయపడి పెట్టిందో నాకూ తెలుసు.

ఈరోజు మిరియాల చారు తీసుకుపోయాను. పద్మలత గడపలోనే గిన్నె అందుకుంది. పిల్ల పండుకుంది అక్కా, మళ్ల రా అన్నది. తలుపుకు కొత్త కర్టెన్ కట్టింది. లోపలి నుంచి స్వప్న, పెద్దమ్మనా, లోపలికి రానియ్యే అమ్మా అంటోంది. నోరు మూసుకుని పండు అని కసిరింది.

చారు తాగిందో, పారబోశారో.

ఆగస్టు 22

పైన గదిలో అద్దెకుండే రూతు నర్సు కదా, ఆమెను అడిగాను. నిజంగానే మెత్తబడ్డదా అని.

మెత్తబడ్డదని ఎవ్వరు బాండు పేపర్ రాసియ్యలే మల్లక్కా అన్నది. ఫ్లూ ఏటేటా జర జర మారుతనే ఉంటదట. మెత్తగ మారొచ్చు, గట్టిగ మారొచ్చు, దానికి దయ లేదు, పగ లేదు. నీ బిడ్డప్పుడు అది ఇంకా కొత్తది, మన ఒళ్లకు దాని ముఖం సరిగ తెల్వది. ఇప్పుడు చానామంది ఒళ్లు గుర్తుపడుతున్నయి, అందుకే తేలిగ్గ పోతాంది. కడుపుతోటి ఉన్నోళ్లకైతే ఇప్పటికీ పులే అన్నది.

అంటే లోకంలో అందరి ఒళ్లకూ దాని ముఖం తెలిసింది, నా బిడ్డ ఒంటికే తెలియలేదు. ముక్కు చీదుకుంటూ రోడ్డు మీద పోయే వాళ్లందరినీ చూసి కూడా కుళ్లుకున్నాను ఈరోజు.

పులి మాట పద్మలతకు చెప్పాలి. నా నోటి నుంచి వస్తే శాపం అంటుంది. చెప్పలేదు.

ఆగస్టు 23, మధ్యాహ్నం



పొద్దున పద్మలత బిడ్డకు ఎండుమిరపకాయలు, ఉప్పు దిగదీసి నిప్పుల్లో వేసింది. దిష్టి లేకుంటే ఘాటు రావాలి. ఘాటు రాలేదట. సూడుండ్రి, గింత కూడ ఘాటు రాలే, ఎంత గట్టి కన్నో అని గోడకు ఇటు పక్క వినబడేటట్టు అరిచింది. ఇటు పక్క నేను ఆ ఘాటుకే దగ్గలేక చస్తున్నాను.

ఊపిరాడక పెరట్లోకి వచ్చాను. పొగ పోవాలని మరిది గోపాల్ అప్పుడే వాళ్ల కిటికీ తెరిచాడు. స్వప్న కనబడింది.

నిజం రాస్తాను. ముందు ఆశగా చూశాను. కొంచెమన్నా నీలాగా అయిందా అని.

అయింది. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. మంచం మీద నువ్వే ఉన్నావు పిట్టా.

కర్టెన్ ఎట్లా దాటానో తెలియదు, తాడుతో సహా నా చేతిలోకి వచ్చింది. పద్మలత రెండు చేతులూ అడ్డం పెట్టి, నీ కండ్లు పాడుగాను, నీ బిడ్డ పోయిందని నా బిడ్డను కూడ తింటవానే అన్నది. తిట్టు, తర్వాత కూసోని మంచిగ తిట్టు, ముందు ఆటో తియ్యి గోపాలూ అన్నాను.

ఆగస్టు 24

ఆక్సిజన్ పెట్టారు. నీకు పెట్టినటువంటి మాస్కే.

ఆగస్టు 28

గండం గడిచిందట. కడుపులో బిడ్డ గుండె కూడా బాగా కొట్టుకుంటోందట. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు.

దవాఖాన వరండాలో పద్మలత నా పక్కనే కూర్చుంది. ఆమెకూ టెస్ట్ చేశారు. అదే రోగం. ఆమెకు మాత్రం ఉత్త సర్ది. ముక్కులు మూసుకుపోయి వారం అయిందట. ఆ ముక్కుతో మిరపకాయల ఘాటు చూసింది! నీ దిష్టి కాదక్కా, నా చీమిడే అని నవ్వింది. నవ్వుతూనే నా కొంగులో ముఖం పెట్టి ఏడ్చింది. కొంగంతా చీమిడి చేసింది. నేను కూడా నవ్వాను.

ఒకే రోగం, ఒకే ఇల్లు. తల్లికి సర్ది, బిడ్డకు చావు అంచు. మెత్తదనం ఎక్కడుంది దాంట్లో?

అయినా ఆమె బిడ్డ దక్కింది. నాకు దక్కలేదు.

సెప్టెంబర్ 3

ఇంటికి తీసుకొచ్చారు. ఈరోజు పథ్యం. బీరకాయ కూర, మెత్తటి అన్నం నేనే వండాను. పద్మలత మళ్లీ కర్టెన్ కట్టలేదు. స్వప్నను నా ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వే పెట్టక్కా, కండ్లనిండ చూడు అన్నది. దిష్టి తగులుతదని పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టలేదు.

చూశాను. పదేళ్లలో ఆ పిల్లను తిన్నగా చూడడం ఇదే మొదలు. కింది పెదవి నీదే. మూడో ముద్దకు, పెద్దమ్మా కదులుతాంది అని నా ఎంగిలి చెయ్యి పట్టి కడుపు మీద పెట్టుకుంది.

కుళ్లు పోలేదు. కొంచెం మారింది. మెత్తగా మారిందో గట్టిగా మారిందో రూతు కూడా చెప్పలేదు.

సెప్టెంబర్ 4

గిన్నెలో మిగిలిన బీరకాయ కూర నేను తిన్నాను పిట్టా. ఉప్పు తక్కువైంది, ఎవరూ చెప్పలేదు.

ఈ నోట్‌బుక్ ఎవరి చేతికి దొరికినా సరే. నా కండ్లకు భయపడకుండా కడుపునిండా తినండి.